డొల్ల గోడకి పట్టుకునే రాడ్డు గట్టిగా నిలవాలంటే ఏం చెయ్యాలి? అమ్మ బాత్రూం కోసం

బలగ వాసి, శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళంలో బలగ. పాత ఇంటి మీద ఆమధ్య పైఅంతస్తు వేశాం. కింద గోడల మీద బరువు తగ్గుతుందని పైన అంతా 6 అంగుళాల హాలో బ్లాకుతో (లోపల డొల్లగా ఉండే సిమెంటు ఇటుక) కట్టించారు నాన్న. అమ్మకి 68 ఏళ్ళు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తోంది.

కమోడ్ మీంచి లేవడానికి ఒకటి, స్నానం చేసే చోట ఒకటి, రెండు స్టీలు రాడ్లు కొన్నాం. బిగించడానికి వచ్చిన అబ్బాయి టైలుకి కన్నాలు వేసి, ప్లాస్టిక్ ప్లగ్గులు దూర్చి, స్క్రూలు తిప్పి వెళ్ళిపోయాడు. చూడ్డానికి ఏ లోపమూ లేదు. అమ్మని తీసుకెళ్ళే ముందు నేను రెండు చేతులతో లాగి చూశాను. ఒక వైపు ప్లగ్గులతో సహా ఊడి వచ్చేసింది. కన్నంలో టార్చి వేస్తే లోపలంతా ఖాళీ. ఇనప తీగ పెడితే మూడంగుళాల పైనే వెళ్తోంది.

ఇంకా పొడుగు స్క్రూలు వేస్తే చాలంటున్నాడు ఆ అబ్బాయి. నాకు నమ్మకం కుదరడం లేదు. ఇలాంటి గోడకి ఏం చేస్తే నిలుస్తుందో తెలిసినవాళ్ళు చెప్పండి. ఈలోగా అమ్మని ఇద్దరం పట్టుకుని తీసుకెళ్తున్నాం. ఆవిడకది చాలా కష్టంగా ఉంది.

కంటోన్మెంట్ ఇంజినీరు, విజయనగరం

ముందు రెండో రాడ్డు కూడా ఈ రోజే విప్పేయండి. అది ఇంకా ఊడలేదు కదా అని ఉంచొద్దు. గోడకి రాడ్డు కనబడితే తూలిన మనిషి చెయ్యి దాని మీదకే వెళ్తుంది. రాడ్డు లేని గోడ దగ్గర జాగ్రత్తగా ఉంటారు, ఊడిపోయే రాడ్డు దగ్గర మొత్తం బరువు దానికే అప్పగిస్తారు. ప్రమాదమంతా అక్కడే.

పొడుగు స్క్రూ వల్ల లాభం లేదు. 6 అంగుళాల హాలో బ్లాకులో బయటి పెంకు మందం సుమారు అంగుళం. దాని వెనక ఖాళీ. మీ స్క్రూ ఎంత పొడుగైనా పట్టు దొరికేది ఆ అంగుళంలోనే. మిగతాది గాలిలో వేలాడుతుంది.

కొందరు ఇనప ఫాస్టనర్ వేద్దామంటారు. ఇక్కడ అది ఇంకా ప్రమాదం. బిగించేకొద్దీ కన్నంలో విచ్చుకుని చుట్టూ నొక్కి పట్టుకోవడం దాని పని. పిల్లరులో, శ్లాబులో గట్టి కాంక్రీటు కాబట్టి ఆ నొక్కుడికి ఎదురు నిలుస్తుంది. పల్చటి పెంకులో వేస్తే వెనక వైపు పెంకు పగిలి పలుకులుగా ఖాళీలో పడిపోతుంది. ముందు నుంచి చూస్తే బిగిసినట్టే ఉంటుంది.

ఎంత బలానికి తట్టుకోవాలన్నది కూడా తెలిసి ఉండాలి. అమెరికాలో వికలాంగుల సౌకర్యాల కోసం 2010లో సవరించిన ఏడీఏ ప్రమాణాల్లో, గ్రాబ్ బారు (పట్టుకునే రాడ్డు) మీద ఏ చోట బలం పడినా 250 పౌండ్లు, అంటే సుమారు 113 కిలోలు ఆగాలని ఉంది. మీ అమ్మగారి బరువు 55 కిలోలే కావచ్చు. కాలు జారి పట్టుకున్నప్పుడు కుదుపుతో పడే బలం మనిషి బరువుని దాటిపోతుంది.

మీ గోడకి దారులు మూడు. గోడకి అవతలి వైపు మీకు చెయ్యి అందే చోటైతే ఈ వైపు నుంచి ఆ వైపుకి బోల్టు దింపి, వెనక ఇనప ప్లేటు పెట్టి నట్టు బిగించడం. అవతలి వైపు అందకపోతే, రాడ్డు కాళ్ళు పడే చోట బ్లాకు డొల్లని కాంక్రీటుతో నింపి, అది గట్టిపడ్డాక బిగించడం. మూడోది కెమికల్ యాంకర్. ఇందులో కన్నంలో జల్లెడలా ఉండే గొట్టం పెట్టి, దాన్లో గన్నుతో రెజిన్ (గట్టిపడే జిగురు) నింపి, అందులో మరలున్న స్టీలు కడ్డీ గుచ్చి వదిలేస్తారు. జల్లెడ గొట్టం లేకుండా పోస్తే రెజిన్ అంతా డొల్లలోకి కారిపోతుంది, డబ్బు వృథా. కన్నంలో పొడి బ్రష్షుతో దులిపి, ఊది, శుభ్రం చేసి పొయ్యాలి. డబ్బా మీద రాసినంతసేపు ముట్టుకోకూడదు.

నన్నడిగితే మొదటిదే అన్నిటికంటే నమ్మకం. మీ బాత్రూం గోడకి అవతల ఏముంది?

బలగ వాసి, శ్రీకాకుళం

రెండో రాడ్డు విప్పేశానండి. కమోడ్ పక్క గోడకి అవతల మా వరండా. స్నానం వైపు గోడ మాత్రం పక్కింటి సందు మీదకి ఉంది, అక్కడ నిచ్చెన వెయ్యడానికి కూడా చోటు చాలదు.

తాపీ పని, ఆమదాలవలస

ఇంజినీరు బాబు చెప్పింది నిజమే. డొల్ల నింపడం గురించి నాను చెప్తాను, ఇనండి. నింపీసుకుంటే గోడ రాయిలాగే నిలుస్తాది, కానీ ఎలగ నింపాలన్నది తెలియాల. మన వైపు మిషను మీద కొట్టిన బ్లాకులకి చాలావాటికి ఒక వైపు మూత ఉంటాది. పైన కన్నం పెట్టి మాలు పోసీస్తే కిందకల్లా దిగిపోతాదనుకుంటారు. దిగదు. ఏ బ్లాకుకి ఆ బ్లాకు విప్పాల్సిందే.

మీ స్నానం గోడకి సందు వైపు నుంచి పని అవదన్నారు కాబట్టి లోపల్నుంచే చెయ్యండి. రాడ్డు కాళ్ళు ఎక్కడ పడతాయో గుర్తు పెట్టుకుని, ఆ టైలు ఒక్కటీ కటింగు మిషనుతో నాలుగు పక్కలా గీసి తియ్యండి. దాని వెనక బ్లాకు ముఖం కూడా మిషనుతోనే కొయ్యండి. సుత్తి, ఉలి పెట్టి బాదితే చుట్టుపక్కల టైళ్ళన్నీ లేచిపోతాయి. వీలుంటే ఆ కింద బ్లాకు కూడా విప్పండి. లోపల రాలిన మాలు, దుమ్ము తీసి బాగా తడపండి. సిమెంటు ఒకటికి రెండు ఇసక, మూడు బేబీ చిప్స్ (సన్న కంకర) కలిపి కూరండి. కూరేటప్పుడు 8 ఎంఎం ఇనప ముక్క ఒకటి అడ్డంగా పెట్టీయండి. ఖాళీ మిగలకుండా కర్రతో పొడుస్తా ఉండాల. వారం పది రోజులు తడపండి. మర్నాడే డ్రిల్లు పెట్టీసేవాళ్ళని ఒప్పుకోవద్దు. గట్టిపడకుండానే కన్నం వేస్తే అంతా వదులైపోతాది.

తీసిన టైలుకి జత దొరక్కపోతే వేరే రంగుది వేసీండి. ముసిలమ్మకి రాడ్డు ఎక్కడుందో దూరం నుంచే కనబడతాది కూడా.

బలగ వాసి, శ్రీకాకుళం

మేస్త్రీ గారూ, చాలా చాలా థాంక్సండి. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. బ్లాకుకి మూత ఉంటుందన్న సంగతి నాకసలు తెలీదు.

ఫిజియో, విజయనగరం

గోడ సంగతి పెద్దలు చెప్తున్నారు. కన్నం వేసే ముందు దయచేసి ఈ ఒక్క పని చెయ్యండి. రాడ్డుని చేత్తో గోడకి ఆనించి పట్టుకుని, అమ్మగారిని బట్టలతోనే కమోడ్ మీద కూర్చోబెట్టి లేవమనండి. ఆవిడ చెయ్యి సహజంగా ఎక్కడికి వెళ్తుందో అక్కడ టేపు అంటించండి. కంపెనీ కాగితం మీదున్న కొలత కన్నా ఆ టేపు ముఖ్యం. అమెరికా ప్రమాణంలో అడ్డంగా పెట్టే రాడ్డు నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తున ఉండాలంటారు. మన ఇళ్ళలో అయిదడుగుల లోపు ఉండే ఆడవాళ్ళకి అది ఎక్కువైపోతుంది. భుజం పైకి లేచి, చేతిలో బలం ఉండదు. నిలబడి చెయ్యి వదులుగా వేలాడేస్తే మణికట్టు ఎక్కడికి వస్తుందో అక్కడి నుంచి మొదలుపెట్టి చూడండి.

కూర్చుని లేవడానికి అడ్డ రాడ్డు మీద చెయ్యి నొక్కి లేస్తారు. గుమ్మం దాటేటప్పుడు, స్నానం దగ్గర తిరిగేటప్పుడు నిలువు రాడ్డు పనికొస్తుంది. ఏటవాలుగా పెట్టేవాళ్ళూ ఉన్నారు. తడిచేత్తో పట్టుకుంటే చెయ్యి కిందకి జారే వీలుంది కాబట్టి నేను దాన్ని ఎంచుకోను.

రాడ్డుకీ గోడకీ మధ్య అంగుళంన్నర ఖాళీ ఉంటే చాలు. మరీ ఎక్కువుంటే జారినప్పుడు మోచెయ్యి అందులో ఇరుక్కుంటుంది. రాడ్డు లావు అంగుళంపావు నుంచి రెండంగుళాల లోపు. మీ అమ్మగారి పిడికిలి చిన్నదైతే అంగుళంపావుదే తీసుకోండి.

తుంటి ఆపరేషన్ కాబట్టి ఇంకో మాట. కమోడ్ సీటు తక్కువ ఎత్తులో ఉంటే ఎంత గట్టి రాడ్డు పెట్టినా లేవడానికి ఆవిడ ముందుకి బాగా వంగాలి. కీలు మార్చిన ఆపరేషన్ అయితే కొన్నాళ్ళపాటు తుంటి దగ్గర 90 డిగ్రీలు దాటి వంగొద్దని చాలామంది సర్జన్లు చెప్తారు. మీ డాక్టరుగారిని అడిగి, సీటు మీద పెట్టే ఎత్తు పీట కూడా తీసుకోండి. సగం కష్టం దాంతోనే పోతుంది.

రింగ్ రోడ్డు ఫ్లాటు, విజయనగరం

మాది కొత్త అపార్ట్‌మెంటు. గోడలు డొల్ల కాదు గానీ, తెల్లగా తేలిగ్గా ఉండే ఇటుక. మేకు కొడితే చేత్తో లాగితే వచ్చేస్తోంది. మా మావగారికి పక్షవాతం, ఎడమ చెయ్యి పని చెయ్యదు. మాకేది మంచిది?

కంటోన్మెంట్ ఇంజినీరు, విజయనగరం

అది ఏఏసీ బ్లాకు. లోపలంతా సన్నటి గాలి గదులతో ఉంటుంది కాబట్టే తేలిక. డ్రిల్లు వేసినప్పుడు రాలే పొడి చూస్తే గోడ ఏదో తెలిసిపోతుంది. ఎర్రగా వస్తే మట్టి ఇటుక, బూడిద రంగులో గరుకుగా వస్తే సిమెంటు, తెల్లగా మెత్తటి పిండిలా వస్తే ఏఏసీ. బూడిద రంగు పొడి వస్తూ వస్తూ బిట్టు ఒక్కసారి లోపలికి దిగిపోతే హాలో బ్లాకు.

ఏఏసీకి డ్రిల్లులో హ్యామర్ మోడ్ (కొడుతూ తొలిచేది) వద్దే వద్దు, కన్నం వదులైపోతుంది. ఇనప ఫాస్టనరూ వద్దు. ఏఏసీ కోసమే చేసిన పొడుగు నైలాన్ ప్లగ్గులు, లేదా కెమికల్ యాంకర్. అయినా మావగారి విషయంలో నేను గోడకి ఈ వైపు నుంచి ఆ వైపుకి బోల్టు వేసి, వెనక పెద్ద ప్లేటు పెట్టడమే చేస్తాను. మెత్తటి గోడ కాబట్టి ప్లేటు ఎంత వెడల్పుంటే అంత మంచిది.

ఆయన కుడి చేత్తోనే పట్టుకోవాలి కాబట్టి రాడ్డు కూర్చున్నప్పుడు కుడివైపుకి రావాలి. కమోడ్‌కి కుడివైపు గోడ లేకపోతే మడత రాడ్డు జోలికి మాత్రం వెళ్ళకండి. వెనక గోడకి బిగించి ముందుకి వాల్చేది చూశారా, అది. దాని చివర మీద 60 కిలోల బరువు వేశారనుకోండి. చివరకీ గోడకీ దూరం 60 సెంటీమీటర్లు, ప్లేటులో పై బోల్టులకీ కింది బోల్టులకీ దూరం 20 సెంటీమీటర్లు అయితే, పై బోల్టుల్ని గోడ నుంచి పీకే బలం 180 కిలోలు అవుతుంది. మెత్తటి ఏఏసీకి అది చాలా ఎక్కువ. దాని బదులు నేలకి బిగించే స్టాండు తీసుకోండి. నేల శ్లాబు గట్టి కాంక్రీటు, ఆగుతుంది.

ఫిజియో, విజయనగరం

పక్షవాతం వచ్చినవాళ్ళకి గుమ్మం నుంచి కమోడ్ దాకా నడిచేటప్పుడూ, తిరిగి వచ్చేటప్పుడూ బాగున్న చెయ్యి వైపు గోడ మారిపోతుంది. వెళ్ళేటప్పుడు కుడి వైపున్న గోడ వచ్చేటప్పుడు ఎడమ వైపు అవుతుంది కదా. అందుకని రెండు వైపులా ఏదో ఒక పట్టు ఉండాలి.

తీరం పిల్లోడు, కళింగపట్నం

ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ ఎత్తలేదు, స్టీలు. మా వీధిలో సముద్రపు గాలికి తుప్పు పట్టనిది లేదు. కొట్లో అయస్కాంతం పెట్టి చూపించి అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలు అంటారు. 202 రకం కూడా మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు, కానీ ఉప్పు గాలికి మచ్చలు తేలుతుంది. కనీసం 304 అడగండి. మాలా తీరం పక్కనున్నవాళ్ళు 316 దొరికితే అదే కొనండి. అందులో మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి ఉప్పుకి ఎక్కువ తట్టుకుంటుంది. రాడ్డు మంచిదై, స్క్రూలు మామూలు ఇనపవి వేసినా లాభం లేదు. బయటికి రాడ్డు మెరుస్తూనే ఉంటుంది, లోపల స్క్రూ తినేసి ఉంటుంది. బోల్టు, నట్టు, వాషరు కూడా స్టెయిన్‌లెస్ అడిగి తెచ్చుకోండి.

టెక్కలి నుంచి డల్లాస్

మా అమ్మానాన్నా టెక్కలిలోనే ఉన్నారు, అందుకని ఈ చర్చ చదువుతున్నాను. యూట్యూబులో అమెరికా వీడియోలు చూసి గోడలో స్టడ్ వెతుకుతున్నామని మావాళ్ళు చెప్తే బాధేసింది. ఇక్కడ ఇళ్ళకి లోపల 16 అంగుళాలకో కర్ర నిలువుగా ఉంటుంది, స్టడ్ అంటే అదే, దాని మీద జిప్సం బోర్డు. ఇక్కడివాళ్ళు రాడ్డుని ఆ కర్రకి బిగిస్తారు, లేదా ముందే రెండు కర్రల మధ్య అడ్డ చెక్క వేసి ఉంచుతారు. అదీ కుదరకపోతే బోర్డు వెనక రెక్కల్లా విచ్చుకునే బోల్టులు వాడతారు, వాటిలో గ్రాబ్ బారు కోసమే పరీక్షించినవి ఉన్నాయి. టెక్కలిలో ఇటుక గోడకి, బ్లాకు గోడకి స్టడ్ ఉండదు. ఆ వీడియోలు మన ఇళ్ళకి పనికిరావు, చూసి మోసపోవద్దు.

వాక్యూమ్ కప్పుతో టైలుకి అంటుకునే రాడ్లు ఇక్కడ ప్రతి షాపులోనూ ఉన్నాయి. అమ్మకి పంపిద్దామా అనుకుంటున్నాను. ఎవరైనా వాడారా?

ఫిజియో, విజయనగరం

అన్నయ్యా, పంపకండి. టైలు జాయింటు మీద పడినా, గరుకు టైలు అయినా, సబ్బు నీరు చేరినా అది గాలి పీల్చి వదిలేస్తుంది. ఎప్పుడు వదులుతుందో ముందు తెలీదు. నిలబడ్డానికి ఒక ఆనవాలుగా వేలు ఆనించడానికైతే సరే. బరువు వెయ్యడానికి కాదు. అదే డబ్బుకి కింద రబ్బరు బుడిపెలున్న స్నానపు కుర్చీ వస్తుంది. కూర్చుని స్నానం చేసేవాళ్ళు నిలబడి చేసేవాళ్ళకన్నా ఎంతో క్షేమం. అమ్మగారికి అది కొనివ్వండి.

రాజాం అమ్మాయి

మా ఇంట్లో పెద్దగది చివర పార్టిషను వేసి అమ్మమ్మకి బాత్రూం చేశారు. సన్నటి రేకు ఫ్రేము, రెండు వైపులా సిమెంటు బోర్డు, పైన టైలు. దీనికి ఏదైనా మార్గం ఉందా, లేక మొత్తం పీకాలా?

కంటోన్మెంట్ ఇంజినీరు, విజయనగరం

మొత్తం పీకక్కర్లేదమ్మా. కానీ ఆ రేకు ఫ్రేముకి స్క్రూ వేసి ఊరుకోవద్దు. ఆ రేకు మందం తరచూ అర మిల్లీమీటరు ఉంటుంది, అంతే. గది వైపు బోర్డు ఒక పలక విప్పించండి, టైలు వైపు ముట్టుకోవద్దు. లోపల నిలువు ఫ్రేములకి అడ్డంగా ఇనప బాక్సు పైపు వేసి, రెండు చివరలా నేల నుంచి శ్లాబు దాకా నిలువు బాక్సు పైపులకి వెల్డింగు చేయించండి. వాటికి రెడ్ ఆక్సైడ్ కొట్టించి మళ్ళీ బోర్డు మూసెయ్యండి. అప్పుడు బోల్టులు ఆ బాక్సు పైపుకి వెళ్తాయి. రాజాంలో ఏ వెల్డింగు షాపువాడైనా చేస్తాడు.

మీకు ఇంకా తేలిక దారి ఒకటుంది. గోడని వదిలేసి, నేల శ్లాబు నుంచి పై శ్లాబు దాకా అంగుళంన్నర స్టీలు పైపు నిలబెట్టించడం. పైనా కిందా ప్లేటు, నాలుగేసి బోల్టులు. మన ఇళ్ళలో గోడ ఎలాంటిదైనా శ్లాబు మాత్రం గట్టి కాంక్రీటే, అక్కడ ఇనప ఫాస్టనర్ నిశ్చింతగా పట్టుకుంటుంది. కింద కన్నాల్లో ఎపాక్సీ నింపి బిగించాలి, లేకపోతే నేలకి వేసిన వాటర్‌ప్రూఫింగు పోయి కింద గదిలో చెమ్మ దిగుతుంది. పైన సన్నటి ఫాల్స్ సీలింగు ఉంటే దాన్ని కోసి అసలు శ్లాబుకే బిగించాలి.

బలగ వాసి గారూ, మీక్కూడా ఒక మాట. స్నానం వైపు మూలలో పిల్లరు ఉందేమో చూడండి. ఉంటే డొల్ల నింపే పనే లేదు. రాడ్డుని ఆ మూలకి జరిపి నిలువుగా పెడితే రెండు కాళ్ళూ పిల్లరులో పడతాయి.

ఉద్దానం కొబ్బరి, కవిటి

అందరికీ దండాలు. మా నాన్నకి కిడ్నీ జబ్బు, డయాలసిస్ నడుస్తోంది. మా ప్రాంతంలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. డయాలసిస్ చేసుకుని వచ్చిన రోజు లేవగానే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మాది పాత ఇంటి 9 అంగుళాల ఇటుక గోడ కాబట్టి బిగించడం సమస్య కాదు. ఎక్కడ పెట్టాలా అన్నదే తేలడం లేదు. ఆయనకి ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూది కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉంది.

ఫిజియో, విజయనగరం

మీరు అడగడం చాలా మంచిదైంది. ఫిస్టులా ఉన్న చేతి మీద నొక్కుడు, బరువు పడకూడదు. ఆ చేతికి బీపీ పట్టీ కూడా కట్టొద్దంటారు కదా, అదే కారణం. కాబట్టి ప్రతి రాడ్డూ కుడి చేతికే అందాలి. ఎడమ చేత్తో లాగాల్సిన చోట ఒక్కటి కూడా పెట్టొద్దు, కంగారులో అదే పట్టుకుంటారు. కమోడ్ మీంచి లేచాక వెంటనే నడవకుండా, రాడ్డు పట్టుకుని కాసేపు నిలబడి అప్పుడు కదలమనండి. బాత్రూం తలుపుకి లోపలి గడియ తీసేసి, బయట నుంచి కూడా తెరుచుకునేది పెట్టించండి. ఎన్ని రాడ్లు పెట్టాలో డయాలసిస్ దగ్గర డాక్టరుగారికి కూడా ఒకసారి చెప్పి చెయ్యండి.

తాపీ పని, ఆమదాలవలస

పాత ఇటుక గోడ అన్నారు కదా, ఇటుకలోనే కన్నం పెట్టండి, జాయింటులో వద్దు. పాత ఇళ్ళకి సున్నం, మట్టి జాయింట్లుంటాయి, ప్లగ్గు నిలవదు. పైన టైలు ఉంటే వేలితో తట్టి చూడండి. డొల్ల మోత వస్తే టైలు వెనక మాలు అన్నిచోట్లా లేదన్నమాట. అక్కడ బోల్టు బిగిస్తే టైలు పగులుతాది.

అద్దె ఇల్లు, నెల్లిమర్ల

మాది అద్దె ఇల్లు. ఓనరు గారు టైలుకి కన్నం పెట్టనివ్వరు. అత్తగారికి 74 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. పైగా ఇండియన్ లెట్రిన్. మాలాంటి వాళ్ళకి ఏమైనా ఉందా?

ఫిజియో, విజయనగరం

ఉందండి. ఇండియన్ లెట్రిన్ మీద పెట్టుకునే కమోడ్ స్టూలు, రెండు వైపులా చేతులున్నది తీసుకోండి. నాలుగు కాళ్ళకీ రబ్బరు బూట్లు ఉండాలి, అరిగిపోతే వెంటనే మార్చాలి. చేతుల్లేని స్టూలు వద్దు, ఆవిడ లేవడానికి పక్కనున్న కుళాయిని పట్టుకుంటారు.

మీకు పేదలకిచ్చే రేషన్ కార్డు ఉంటే రాష్ట్రీయ వయోశ్రీ యోజన గురించి వాకబు చెయ్యండి. 2017 ఏప్రిల్ 1న మన రాష్ట్రంలోనే, నెల్లూరులో మొదలుపెట్టిన కేంద్ర పథకం అది. పేద వృద్ధులకి చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీల వంటివి ఉచితంగా ఇస్తారు. శిబిరాలు ఎప్పుడు పెడతారో కలెక్టరేటులో వికలాంగులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ దగ్గర తెలుస్తుంది. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేసినా దారి చెప్తారు.

బలగ వాసి, శ్రీకాకుళం

పని అయిందండి, ఏం చేశామో రాస్తున్నాను, ఇంకెవరికైనా ఉపయోగపడుతుంది.

ముందు నీళ్ళ పైపులు ఎక్కడెక్కడ వెళ్తున్నాయో చూసుకున్నాం. కుళాయిల పైన, కింద నిలువుగా, గీజరు నుంచి కిందకి దిగే దారిలో కన్నం వెయ్యలేదు. కరెంటు మెయిన్ ఆపేసి, చార్జింగ్ డ్రిల్లుతో చేశాం. మావి విట్రిఫైడ్ టైళ్ళు, మామూలు బిట్టు జారిపోతోంది. డైమండ్ బిట్టు తెచ్చి, టేపు అంటించి, హ్యామర్ ఆపి, నీళ్ళు చిలకరిస్తూ మెల్లగా వేస్తే టైలు పగల్లేదు.

వరండా వైపు గోడకి బోల్టులు ఈ వైపు నుంచి ఆ వైపుకి వేశాం. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. నేను 10 ఎంఎం త్రెడ్ రాడ్డు తెచ్చాను, రాడ్డు ఫ్లాంజికున్న (కాలి చివర గోడకి ఆనే ప్లేటు) కన్నాల్లో అది పట్టలేదు. ఇంజినీరు గారిని అడిగితే 6 ఎంఎం స్టెయిన్‌లెస్ చాలు, ఒక్కో కాలికి మూడు ఉన్నాయి కదా, తెగేది బోల్టు కాదు, పోయేది గోడ అన్నారు. వరండా వైపు ఒక్కో కాలికి ఒక 6 ఎంఎం మందం ప్లేటు, ఆరంగుళాల చదరం, మూడు కన్నాలు. ప్లేటు చేయించిన వెల్డింగు ఆయన అమ్మ కోసమని తెలిసి అంచులు కూడా అరగదీసి ఇచ్చాడు. బిగించే ముందు ఆ బ్లాకు డొల్లలోకి వరండా వైపు నుంచే మాలు కూరించాం, లేకపోతే నట్టు తిప్పేకొద్దీ రెండు పెంకులూ లోపలికి నలిగిపోతాయట.

స్నానం వైపు మూలలో పిల్లరు దొరికింది. రెండు కాళ్ళూ అందులో పడేలా అక్కడ నిలువు రాడ్డు పెట్టాం.

అమ్మ పట్టుకునే ముందు నేనూ తమ్ముడూ ఒకరి తర్వాత ఒకరం పూర్తి బరువు వేసి కిందకీ, గోడ నుంచి బయటకీ లాగి చూశాం. కదల్లేదు. ఎత్తు పీట కూడా తెచ్చాం. ఇప్పుడు అమ్మ తనంతట తాను లేస్తోంది. నేను గుమ్మం బయట నిలబడుతున్నాను. మీ అందరికీ మా కుటుంబం రుణపడి ఉంటుంది.

కంటోన్మెంట్ ఇంజినీరు, విజయనగరం

చాలా సంతోషం. ఫ్లాంజి చుట్టూ సిలికాన్ వేసేటప్పుడు పైనా, రెండు పక్కలా వేసి కింద కొంచెం వదిలెయ్యండి. లోపలికి నీళ్ళు చేరితే అక్కడ నుంచి కారి మీకు తెలుస్తుంది. వరండా ప్లేటుకీ అంతే. తుఫాను వానకి గాలి అడ్డంగా కొడుతుంది, ఆ కన్నాల్లోంచి నీళ్ళు లోపలికి రాకూడదు. ప్రతి నెలా ఒకసారి ఫ్లాంజి తిరుగుతోందా, టైలు మీద గీత పడిందా చూడండి. ఏ మాత్రం కదిలినా విప్పి చూశాకే మళ్ళీ వాడాలి.

చీపురుపల్లి కొత్త ఇల్లు

మా ఇల్లు ఇంకా గోడల దశలోనే ఉంది, హాలో బ్లాకే. టైళ్ళు వెయ్యలేదు. ఇప్పుడే ఏమైనా చేసి ఉంచమంటారా? అమ్మానాన్నకి ఇంకా అవసరం రాలేదు.

తాపీ పని, ఆమదాలవలస

ఇదే అసలైన టయిము బాబూ. బాత్రూంలో నేల నుంచి రెండడుగులు మొదలుకుని అయిదడుగుల దాకా ఉండే వరసలు హాలో కాకండా గట్టి బ్లాకుతో కట్టమనండి. కట్టీసుంటే ఇప్పుడే నింపీండి. ఖర్చు పెద్ద ఏటీ ఉండదు.

కంటోన్మెంట్ ఇంజినీరు, విజయనగరం

మేస్త్రీ గారు చెప్పినట్టే చెయ్యండి. పైపులు, కరెంటు గొట్టాలు వేశాక, టైలు పడకముందు నాలుగు గోడలకీ టేపు కొలత ఆనించి ఫోటోలు తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. కమోడ్‌ని మూలకి మరీ దగ్గరగా పెట్టించకండి, పక్కన మనిషి నిలబడి పట్టుకునే చోటుండాలి. తలుపు బయటకి తెరుచుకునేలా పెట్టించండి. లోపలికి తెరుచుకుంటే, లోపల మనిషి పడిపోయినప్పుడు తలుపుకి అడ్డంగా ఉండిపోతారు, తెరవడానికి వీలుండదు.

చీపురుపల్లి కొత్త ఇల్లు

తలుపు ఫ్రేము ఇంకా రాలేదు. రేపే కార్పెంటరుకి చెప్తాను.